పాఠం ఫ్రీ.. మరి పరీక్ష? ఉచిత ఆన్‌లైన్ కోర్సుల పూర్తి వివరాలు ఇవే

ఫిజిక్స్ నుంచి ఫిలాసఫీ దాకా, అకౌంట్స్ నుంచి ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ దాకా.. ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పిన పాఠాలు ఇప్పుడు సెల్‌ఫోన్‌లోనే వినొచ్చు. ఎంట్రన్స్ రాయక్కర్లేదు. ఫీజు కట్టక్కర్లేదు. కాలేజీలో లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉన్నా, ఊళ్లో ట్యూషన్ చెప్పేవాళ్లు లేకపోయినా చదువు ఆగిపోవాల్సిన పని లేదు.

అయితే ‘ఫ్రీ కోర్సు’ అనే మాటలో చాలామంది పట్టించుకోని ఒక తిరకాసు ఉంది. పాఠం వినడం వేరు.. పరీక్ష రాయడం వేరు.. సర్టిఫికెట్ రావడం వేరు.. ఆ మార్కులు డిగ్రీలో కలవడం వేరు. ఇవన్నీ ఒకటే అనుకుని సెమిస్టర్ అంతా కష్టపడి, చివర్లో క్రెడిట్లు కలవక ఉసూరుమనే విద్యార్థులు ఉంటారు. అందుకే ఏది ఎక్కడ ఫ్రీ, ఏది కాదు, దేనికి ఏం చేయాలి అనేది మొదటే తెలుసుకోవాలి.

నాలుగు మెట్లు.. నాలుగు లెక్కలు

మొదటి మెట్టు పాఠం. వీడియోలు, నోట్స్, ప్రాక్టీస్ ప్రశ్నలు. ప్రభుత్వ వేదికల్లో ఇది పూర్తిగా ఉచితం.

రెండో మెట్టు పరీక్ష. సెంటర్‌కు వెళ్లి, ఐడీ కార్డు చూపించి రాయాలి. దీనికి ఫీజు ఉంటుంది. రాయాలా వద్దా అన్నది విద్యార్థి ఇష్టం. రాయకపోయినా పాఠాలు వినొచ్చు.

మూడో మెట్టు సర్టిఫికెట్. పరీక్ష ఫీజు కట్టినంత మాత్రాన రాదు. అసైన్‌మెంట్లలోనూ, పరీక్షలోనూ విడివిడిగా కనీస మార్కులు రావాలి.

నాలుగో మెట్టు క్రెడిట్. అంటే ఆన్‌లైన్‌లో చదివిన సబ్జెక్టు డిగ్రీ లేదా బీటెక్ మార్కుల మెమోలో కలవడం. ఇది విద్యార్థి ఒక్కడి చేతిలో ఉండదు. యూనివర్సిటీ ఒప్పుకోవాలి.

టీవీ పాఠాల నుంచి ఫోన్ పాఠాల దాకా

దూరంగా ఉండి చదువుకోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో పల్లెలకు టీవీ పాఠాలు అందించే ‘సైట్’ ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలను ఎంచుకుంటే, అందులో ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ ఉన్నాయి. 1982లో దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ హైదరాబాద్‌లో మొదలైంది. అప్పట్లో దాని పేరు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో డాక్టర్ బీఆర్ అంబేద్కర్ పేరు పెట్టారు. ఢిల్లీలో ఇగ్నో వచ్చింది ఆ తర్వాత మూడేళ్లకు, అంటే 1985లో. మధ్యలో 1984 ఆగస్టు 15 నుంచి దూరదర్శన్‌లో యూజీసీ ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ పాఠాలు వచ్చేవి.

ఇంటర్నెట్ వచ్చాక అసలు మలుపు 2001లో వచ్చింది. తమ కోర్సుల మెటీరియల్ మొత్తాన్ని ప్రపంచానికి ఉచితంగా ఇస్తామని అమెరికాలోని ఎంఐటీ ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రకటించింది. అదే ఓపెన్ కోర్స్‌వేర్. 2003లో మన ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి ‘ఎన్‌పీటెల్’ మొదలుపెట్టాయి. మొదట్లో అది వీడియోల భాండాగారం మాత్రమే. 2014 నుంచి వారం వారం పాఠాలు, అసైన్‌మెంట్లు, చివర్లో పరీక్ష ఉన్న సర్టిఫికెట్ కోర్సులు వచ్చాయి.

ఆ తర్వాత 2017 జులై 9న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ‘స్వయం’ పోర్టల్‌ను ప్రారంభించారు. ఇప్పుడు దేశంలో ఉచిత ఆన్‌లైన్ చదువుకు ప్రధాన ద్వారం ఇదే.

స్వయంలో ఎవరికి ఏముంది?

స్వయం అనగానే ఇంజినీరింగ్ వాళ్లదే అనుకుంటారు. అది నిజం కాదు. తొమ్మిది జాతీయ సంస్థలు సబ్జెక్టులను పంచుకుని ఇందులో కోర్సులు నడుపుతున్నాయి.

- ఎన్‌పీటెల్: ఇంజినీరింగ్, సైన్స్ ప్రధానం. హ్యుమానిటీస్, మేనేజ్‌మెంట్ కోర్సులూ ఉన్నాయి.
- సీఈసీ: బీఏ, బీకాం, బీఎస్సీ లాంటి డిగ్రీ కోర్సులు.
- యూజీసీ: పీజీ సబ్జెక్టులు.
- ఐఐఎం బెంగళూరు: మేనేజ్‌మెంట్.
- ఇగ్నో: సర్టిఫికెట్, డిప్లొమా స్థాయి పాఠాలు.
- ఎన్‌సీఈఆర్‌టీ, ఎన్ఐఓఎస్: స్కూల్ చదువు. బడి మానేసి ఓపెన్ స్కూల్‌లో చదివేవాళ్లకు ఎన్ఐఓఎస్ కోర్సులు పనికొస్తాయి.
- ఎన్ఐటీటీటీఆర్: టీచర్లకు, లెక్చరర్లకు శిక్షణ.
- ఏఐసీటీఈ: సొంత వేగంతో చదువుకునే టెక్నికల్ కోర్సులు.

ప్రతి కోర్సులోనూ నాలుగు భాగాలుంటాయి. వీడియో పాఠం, చదువుకునే మెటీరియల్, సొంతంగా రాసి చూసుకునే టెస్టులు, డౌట్లు అడిగే చర్చా వేదిక. యూట్యూబ్‌లో వీడియో చూసి వదిలేయడానికీ, కోర్సు చేయడానికీ తేడా ఈ చివరి మూడింటిలోనే ఉంది. వారంలో ఇచ్చిన టెస్టు రాస్తేనే తనకు ఎంత అర్థమైందో విద్యార్థికి తెలుస్తుంది.

స్వయం పోర్టల్‌లో ఈమెయిల్‌తో రిజిస్టర్ కావొచ్చు. ఎక్కువ కోర్సులు ఏడాదికి రెండుసార్లు, జనవరి సెమిస్టర్‌లో, జులై సెమిస్టర్‌లో మొదలవుతాయి. కోర్సులో చేరడానికి ఒక చివరి తేదీ, పరీక్షకు ఫీజు కట్టడానికి మరో చివరి తేదీ ఉంటాయి. ఈ రెండూ ఒకటే అనుకుని రెండోదాన్ని మర్చిపోతే ఆ సెమిస్టర్ పరీక్ష పోయినట్టే.

ఎన్‌పీటెల్ మార్కుల లెక్క ఇదీ

ఎన్‌పీటెల్ కోర్సులు ఎక్కువగా 4, 8, 12 వారాలవి. నాలుగు వారాల కోర్సుకు ఒక క్రెడిట్, ఎనిమిది వారాలకు రెండు, పన్నెండు వారాలకు మూడు క్రెడిట్లు అని లెక్క.

మొత్తం 100 మార్కుల్లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. అయితే అన్ని అసైన్‌మెంట్లూ లెక్కలోకి రావు. పన్నెండు వారాల కోర్సులో బాగా రాసిన ఎనిమిదింటి సగటు తీసుకుంటారు. ఎనిమిది వారాల కోర్సులో ఆరు, నాలుగు వారాల కోర్సులో మూడు. అంటే జ్వరం వచ్చో, మిడ్స్ ఉండో ఒకటి రెండు వారాలు మిస్ అయినా కంగారు పడక్కర్లేదు.

పరీక్ష మూడు గంటలు. సెంటర్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని రాయాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సెంటర్లు ఉంటాయి. ఫీజు ఒక్కో కోర్సుకు రూ.1,000. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అందులో సగమే. ఫీజులు, రాయితీల్లో మార్పులు జరగొచ్చు కాబట్టి కట్టే ముందు ఆ సెమిస్టర్ నోటిఫికేషన్ చూసుకోవాలి.

సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కి కనీసం 10, పరీక్షలో 75కి కనీసం 30 రావాలి. రెండూ తప్పనిసరి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఉదాహరణకు మూడు సందర్భాలు చూద్దాం.

ఒక విద్యార్థికి అసైన్‌మెంట్ల సగటు 80 శాతం వచ్చింది. అంటే 25కి 20. పరీక్షలో 100కి 60 వచ్చాయి. అంటే 75కి 45. మొత్తం 65. ‘ఎలీట్’ సర్టిఫికెట్ వస్తుంది.

రెండో విద్యార్థి అసైన్‌మెంట్లలో వందకు వంద తెచ్చుకున్నాడు. 25కి 25. పరీక్షలో మాత్రం 100కి 36. అంటే 75కి 27. మొత్తం 52 ఉన్నా సర్టిఫికెట్ రాదు. పరీక్షలో 30 దాటలేదు కదా.

మూడో విద్యార్థి పరీక్షలో 90 తెచ్చుకున్నాడు. కానీ అసైన్‌మెంట్ల సగటు 38 శాతమే. అంటే 25కి 9.5. అర మార్కు తక్కువైంది. మొత్తం 77 వచ్చినా సర్టిఫికెట్ లేనట్టే.

అసైన్‌మెంట్ ఆన్సర్ల కోసం సోషల్ మీడియాలో వెతికేవాళ్లు ఈ రెండో ఉదాహరణను బాగా గుర్తుపెట్టుకోవాలి. ఎవరో పెట్టిన ఆన్సర్లు టిక్ కొడితే 25కి 25 రావొచ్చు. సెంటర్‌లో మూడు గంటలు ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆ ఆన్సర్లు పక్కన ఉండవు.

మొత్తం 40 నుంచి 59 వస్తే పాసైనట్టు సర్టిఫికెట్, 60 నుంచి 74 వస్తే ఎలీట్, 75 నుంచి 89 వస్తే ఎలీట్ ప్లస్ సిల్వర్, 90 దాటితే ఎలీట్ ప్లస్ గోల్డ్ అని ఇస్తారు.

స్వయంలోని మిగతా సంస్థల కోర్సుల్లో మార్కుల లెక్క వేరు. యూజీసీ, సీఈసీ లాంటి వాటి పరీక్షలను ఎన్‌టీఏ నిర్వహిస్తుంది. ఫీజు, తేదీలు ఆ నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి.

క్రెడిట్లు ఎప్పుడు కలుస్తాయి?

ఇది అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న. 2016లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం ఒక ప్రోగ్రామ్‌లో 20 శాతం వరకు సబ్జెక్టులను స్వయం ద్వారా చదవొచ్చు. 2021లో కొత్త నిబంధనలు తెచ్చి ఆ పరిమితిని ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు పెంచారు.

అయితే ఆ 40 శాతం అనేది గరిష్ఠ పరిమితి మాత్రమే. ఏ విద్యార్థి అయినా ఏ కోర్సైనా చేసి తెచ్చి ఇస్తే కలిపేస్తారని కాదు. ఏ కోర్సును ఏ సబ్జెక్టు బదులు తీసుకోవచ్చో యూనివర్సిటీ చూసి ఆమోదించాలి. కాబట్టి కోర్సులో చేరకముందే విద్యార్థి మూడు సంగతులు తేల్చుకోవాలి.

ఒకటి, ఆ కోర్సు తమ యూనివర్సిటీ ఆమోదించిన జాబితాలో ఉందా? రెండు, అది ఏ సబ్జెక్టు బదులు లెక్కలోకి వస్తుంది? మూడు, ఎన్ని క్రెడిట్లు కలుపుతారు? మూడు క్రెడిట్ల సబ్జెక్టు బదులు రెండు క్రెడిట్ల కోర్సు చేస్తే చిక్కు వస్తుంది.

ఈ వివరాలు నోటిమాటగా కాకుండా కాలేజీ సర్క్యులర్‌లోనో, హెచ్‌ఓడీ సంతకంతోనో ఉంటే మంచిది. చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎన్‌పీటెల్ ‘లోకల్ చాప్టర్’ ఉంటుంది. దానికి ఒక లెక్చరర్ బాధ్యుడిగా ఉంటారు. కాలేజీల్లో ఆయన్ను ‘స్పాక్’ అంటుంటారు. ముందుగా కలవాల్సింది ఆయన్నే.

క్రెడిట్లు దాచుకోవడానికి 2021 జులైలో ‘అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్’ వచ్చింది. బ్యాంకు ఖాతాలో డబ్బులు ఉన్నట్టే ఇందులో విద్యార్థి పేరు మీద క్రెడిట్లు ఉంటాయి. ఆ ఖాతాలోని పేరు, పుట్టినతేదీ, స్వయంలో ఇచ్చిన వివరాలు ఒకేలా ఉండేలా చూసుకోవాలి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒకలా, రిజిస్ట్రేషన్‌లో మరోలా ఉంటే తర్వాత తిప్పలు తప్పవు.

స్కూల్, ఇంటర్ పిల్లలకు ఏమున్నాయి?

స్కూల్ పిల్లలకు మొదట చెప్పుకోవాల్సింది ‘దీక్షా’. 2017 సెప్టెంబర్ 5న, ఉపాధ్యాయ దినోత్సవం రోజున, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు దీన్ని ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన కనిపించే క్యూఆర్ కోడ్లు దీనివే. దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన మెటీరియల్ తెరుచుకుంటుంది. నెట్ ఉన్నప్పుడు డౌన్‌లోడ్ చేసుకుని తర్వాత నెట్ లేకుండానూ చూడొచ్చు.

లెక్కలు, సైన్స్ కోసం ఖాన్ అకాడమీ ఉంది. దీని వెనకున్న సల్మాన్ ఖాన్ సినిమా హీరో కాదు. అమెరికాలో ఫైనాన్స్ ఉద్యోగం చేస్తూ 2004లో బంధువుల అమ్మాయికి దూరం నుంచే లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. 2006లో వీడియోలు యూట్యూబ్‌లో పెట్టారు. 2008లో లాభాపేక్ష లేని సంస్థగా మార్చారు. ఇందులో వీడియో కన్నా ప్రాక్టీస్ లెక్కలే గొప్ప. ఆరో తరగతి భిన్నాలు రాకపోతే తొమ్మిదో తరగతి ఆల్జీబ్రా రాదు. ఎక్కడ పునాది జారిందో అక్కడికి వెనక్కి వెళ్లి నేర్చుకోవచ్చు. క్లాస్‌రూమ్‌లో అది కుదరదు. ఎనిమిదో తరగతి పిల్లాడు లేచి భిన్నాలు మళ్లీ చెప్పమని అడగలేడు. ఫోన్ దగ్గర ఆ మొహమాటం ఉండదు.

ల్యాబ్ లేని స్కూళ్లకు ‘ఫెట్’ సిమ్యులేషన్లు పనికొస్తాయి. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో వీటిని మొదలుపెట్టారు. బ్యాటరీ, బల్బు, వైరు కలిపి కరెంటు ఎలా పారుతుందో తెర మీదే చేసి చూడొచ్చు. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. కాలేజీ స్థాయిలో కేంద్ర ప్రభుత్వ ‘వర్చువల్ ల్యాబ్స్’ ఉన్నాయి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ కూడా ఇందులో భాగస్వామే.

పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు కావాలంటే ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే ‘నేషనల్ డిజిటల్ లైబ్రరీ’ ఉంది. 2018 జూన్‌లో దీన్ని దేశానికి అంకితం చేశారు.

నెట్ లేకపోతే టీవీ ఉంది

ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే ఉండి, అది నాన్నతో పాటు పొలానికో పనికో వెళ్లిపోతే పిల్లల పరిస్థితి ఏంటి? 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామీణ ప్రాంతాల్లో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు 4.4 శాతమే. ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి సుమారు 15 శాతం. ఆ తర్వాత ఫోన్లు, డేటా బాగా పెరిగినా, కంప్యూటర్ మాత్రం ఇప్పటికీ చాలా ఇళ్లలో లేదు.

ఇలాంటి వాళ్ల కోసమే స్వయంతో పాటు ‘స్వయం ప్రభ’ డీటీహెచ్ చానళ్లు వచ్చాయి. మొదట 32 చానళ్లతో మొదలై తర్వాత పెరిగాయి. దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉంటే చాలు, నెలనెలా రీఛార్జ్ అక్కర్లేదు. రోజూ కనీసం నాలుగు గంటల కొత్త పాఠాలు ఇచ్చి, వాటినే రోజులో మరో ఐదుసార్లు తిప్పి వేయాలన్నది ఈ చానళ్ల పద్ధతి. కాబట్టి పొద్దున పనుంటే సాయంత్రం చూసుకోవచ్చు.

తెలంగాణలో ‘టీ-శాట్’ నిపుణ, విద్య అనే రెండు చానళ్లు నడుస్తున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో ‘మన టీవీ’గా ఉన్నదే ఇలా మారింది. స్కూల్ పాఠాలతో పాటు పోటీ పరీక్షల క్లాసులు తెలుగులో ఇవ్వడం దీని ప్రత్యేకత. ఈ పాఠాలు యూట్యూబ్‌లోనూ, యాప్‌లోనూ దొరుకుతాయి. ఏ రాష్ట్రం విద్యార్థి అయినా చూడొచ్చు.

విదేశీ యూనివర్సిటీల పాఠాలు

ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్‌లో 2,500కు పైగా కోర్సుల మెటీరియల్ ఉంది. రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. లీనియర్ ఆల్జీబ్రాలో ప్రొఫెసర్ గిల్బర్ట్ స్ట్రాంగ్ పాఠాలకు మన బీటెక్, ఎమ్మెస్సీ విద్యార్థుల్లోనూ మంచి పేరుంది. ఇక్కడ పరీక్ష ఉండదు, సర్టిఫికెట్ ఇవ్వరు. జ్ఞానం కోసం చదివేవాళ్లకే ఇది.

కోర్సెరా, ఎడెక్స్ రెండూ 2012లో మొదలయ్యాయి. కోర్సెరాను స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్లు ఆండ్రూ ఎన్‌జీ, డాఫ్నీ కోలర్ స్థాపించారు. ఎడెక్స్‌ను ఎంఐటీ, హార్వర్డ్ కలిసి పెట్టాయి. 2021లో దాన్ని 2యూ అనే కంపెనీ 80 కోట్ల డాలర్లకు కొనేసింది. మొదట్లో ఈ వేదికల్లో దాదాపు అంతా ఫ్రీ. ఇప్పుడు పరిస్థితి మారింది. కొన్ని కోర్సుల్లో ‘ఆడిట్’ పద్ధతిలో పాఠాలు ఉచితంగా చూడొచ్చు. టెస్టులకు, సర్టిఫికెట్‌కు డబ్బు కట్టాలి. కట్టలేనివాళ్లు కొన్ని కోర్సులకు ఆర్థిక సాయం కోసం దరఖాస్తు చేసుకునే వీలుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఏడు రోజుల ఫ్రీ ట్రయల్ అని కార్డు నంబర్ అడిగితే, ట్రయల్ పూర్తయ్యాక డబ్బులు వాటంతటవే కట్ అవుతాయి. రద్దు చేయాల్సిన తేదీని ఫోన్‌లో అలారం పెట్టుకోవాలి.

తెలుగు మీడియం విద్యార్థుల సంగతేంటి?

ఇది నిజమైన ఇబ్బందే. పెద్ద స్థాయి కోర్సులు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. ఎన్‌పీటెల్ కొన్ని కోర్సుల పాఠాల రాతప్రతులను తెలుగుతో సహా భారతీయ భాషల్లోకి అనువదించింది. కానీ కావాల్సిన కోర్సుకు తెలుగు ఉందో లేదో ముందుగా చూసుకోవాలి.

లేకపోతే దారి లేదని కాదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్, డిగ్రీ సబ్జెక్టులకు తెలుగులో పుస్తకాలు వేసింది. ముందు ఆ పుస్తకంలో అదే చాప్టర్ చదివి, తర్వాత ఇంగ్లిష్ వీడియో చూస్తే సగం భయం పోతుంది. విషయం అప్పటికే తెలిసి ఉంటుంది కాబట్టి ఇంగ్లిష్ మాటలు వాటంతటవే పట్టుబడతాయి. వీడియో వేగాన్ని 0.75కి తగ్గించి, సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే ఇంకా తేలిక. కొత్త పదాలను ఒక నోట్‌బుక్‌లో తెలుగు అర్థంతో రాసుకుంటే నాలుగో వారానికల్లా వాటి అవసరం తగ్గిపోతుంది.

చేరేది లక్షల్లో.. పూర్తి చేసేది కొందరే

2012లో ఎడెక్స్ వేదిక మీద మంగళూరుకు చెందిన ప్రొఫెసర్ అనంత్ అగర్వాల్ సర్క్యూట్స్, ఎలక్ట్రానిక్స్ కోర్సు చెప్పారు. దాదాపు 1,55,000 మంది చేరారు. పాసైంది 7,157 మంది. ఎంఐటీ, హార్వర్డ్ తమ తొలి ఏడాది 17 కోర్సుల లెక్కలు బయటపెడితే, మొత్తం రిజిస్ట్రేషన్లు 8,41,687.. సర్టిఫికెట్లు 43,196. అంటే నూటికి ఐదు. మూడో వంతుకు పైగా రిజిస్ట్రేషన్లలో కోర్సు ఒక్కసారి కూడా తెరవలేదు.

దీన్ని రెండు రకాలుగా చూడొచ్చు. అగర్వాల్ కోర్సులో పాసైన ఏడు వేల మంది ఒక పెద్ద కాలేజీకి సమానం. అది చిన్న విషయం కాదు. అలాగే తనకు కావాల్సిన ఒక్క చాప్టర్ చూసి వెళ్లిపోయిన విద్యార్థి ఫెయిలైనట్టూ కాదు. కానీ సర్టిఫికెట్, క్రెడిట్ కావాలనుకున్నవాళ్లు మధ్యలో ఆగిపోతే మాత్రం సమయం, ఫీజు రెండూ పోతాయి.

ఆగిపోవడానికి కారణాలు ఊహించలేనివేం కాదు. ఉత్సాహంలో ఒకేసారి నాలుగైదు కోర్సుల్లో చేరడం. ముందు రావాల్సిన సబ్జెక్టు రాకుండానే పై కోర్సు తీసుకోవడం. పక్కన అడిగేవాళ్లు లేకపోవడం. కాలేజీలో అటెండెన్స్ ఉంటుంది, మాస్టారు ఉంటారు, పక్క బెంచీ స్నేహితుడు ఉంటాడు. ఫోన్‌లో పాఠానికి ఇవేవీ ఉండవు. ఆ ఏర్పాటు విద్యార్థే చేసుకోవాలి.

పూర్తి చేయాలంటే ఇలా..

- మొదటి సెమిస్టర్‌లో ఒక్క కోర్సే తీసుకోవాలి. అది కూడా 4 లేదా 8 వారాలది.
- చేరకముందు మొదటి రెండు వీడియోలు చూడాలి. మాస్టారి భాష, వేగం అర్థం కాకపోతే అదే సబ్జెక్టులో మరో కోర్సు వెతకాలి.
- వారంలో రెండు రోజులు, ఒకే సమయం కేటాయించాలి. ‘ఖాళీ దొరికినప్పుడు’ అనుకుంటే ఆ ఖాళీ దొరకదు.
- అదే కోర్సు చేసే ఇద్దరు ముగ్గురు కలిసి వాట్సాప్ గ్రూప్ పెట్టుకుంటే వెనకబడినవాళ్లను మిగతావాళ్లు లాక్కొస్తారు.
- వీడియో ఆపి, లెక్క సొంతంగా చేసి, మళ్లీ మొదలుపెట్టాలి. చూస్తే అర్థమైనట్టే ఉంటుంది. చేస్తేనే వస్తుంది.
- డేటా తక్కువైతే వీడియో నాణ్యత తగ్గించి చూడాలి. బోర్డు మీద రాసేది కనిపించేంత ఉంటే చాలు. వైఫై ఉన్నచోట డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.
- కోడింగ్ కోర్సు అయితే ఫోన్ ఒక్కటే సరిపోదు. ప్రోగ్రాం టైప్ చేయడానికి వారంలో కొన్ని గంటలైనా కాలేజీ ల్యాబ్‌లో కంప్యూటర్ దొరుకుతుందా అని ముందే చూసుకోవాలి.

ఇక మోసాల సంగతి. ప్రభుత్వ వేదికల్లో పాఠానికి ఎవరూ డబ్బు అడగరు. పరీక్ష ఫీజు కూడా అధికారిక పోర్టల్‌లో లాగిన్ అయ్యాకే కట్టాలి. ఎవరిదో ఫోన్ నంబర్‌కు యూపీఐ చేయమన్నా, ‘ప్రాసెసింగ్ ఫీజు కడితే పరీక్ష లేకుండానే సర్టిఫికెట్’ అన్నా, ఓటీపీ అడిగినా అది మోసమే. ఉచితంగా దొరికే పాఠాలనే పెన్‌డ్రైవ్‌లో వేసి అమ్మేవాళ్లుంటారు. సర్టిఫికెట్ అసలుదో కాదో కంపెనీలు దాని మీదున్న క్యూఆర్ కోడ్‌తో, రోల్ నంబర్‌తో చూసుకుంటాయి. దొంగ కాగితం ఇంటర్వ్యూ దాకా కూడా నిలబడదు.

చేరకముందు వేసుకోవాల్సిన ప్రశ్న

కోర్సు పేజీ తెరవగానే విద్యార్థి తనను తాను ఒక్క ప్రశ్న వేసుకోవాలి. కావాల్సింది పాఠమా, సర్టిఫికెట్టా, క్రెడిట్టా?

పాఠం మాత్రమే చాలనుకుంటే ఈరోజే మొదలుపెట్టొచ్చు. పాత ఎన్‌పీటెల్ వీడియోలు, ఎంఐటీ పాఠాలు, ఖాన్ అకాడమీ, దీక్షా.. వేటికీ గడువు లేదు. సర్టిఫికెట్ కావాలంటే సెమిస్టర్ తేదీలు, పరీక్ష ఫీజు, 25లో 10, 75లో 30 అనే లెక్క గుర్తుండాలి. క్రెడిట్ కావాలంటే ముందు వెళ్లాల్సింది వెబ్‌సైట్‌కు కాదు.. కాలేజీ హెచ్‌ఓడీ దగ్గరికి.